గంట తాడూ నా బొటనవేలూ

ఆ రోజుల్లో మా ఊరికి ఆదివారం పొద్దున అనేది మా జేజినాయన కుడిచేతి మీదుగా వచ్చేది. ఇళ్ళల్లో గోడ గడియారాలు లేకపోలేదు. ఉన్నా వాటిని ఎవరూ నమ్మేవాళ్ళు కారు, ఏ రెండూ ఒకే టైము చూపించేవి కావు గనక. గంట మాత్రం ఊరంతటికీ ఒకటే. కర్నూలులో బస్సెక్కి, ఓర్వకల్లు దాటాక దిగి, రెండు రాతిగుట్టల నడుమ మట్టిదారిన కొంత దూరం నడిస్తే మా ఊరు. ఊరి మొదట్లోనే దొరల కాలంలో కట్టిన రాతి చర్చి, దాని పక్కన నాలుగు రాతిస్తంభాల మీద ఇనుప దూలానికి వేలాడే గంట. జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, మొదటి గంట కొడితే ఊరు స్నానాలకు లేచేది. రెండో గంటకు ఇస్త్రీ బట్టలు, మూడో గంటకు చంకలో బైబిలు. (మూడో గంట కూడా దాటాక వచ్చేవాళ్ళు కొందరుండేవాళ్ళు. వాళ్ళు వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడేవాళ్ళు.) ఇవి కాక ఇంకొక గంట ఉండేది, ఎవరైనా పోతే కొట్టేది. ఒక్క దెబ్బ కొట్టి, మనసులో 'పరలోకమందున్న మా తండ్రీ' అనే పరలోక ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా చెప్పుకుని, అప్పుడు రెండో దెబ్బ కొట్టాలి. ఆ వరస వినబడితే పొలంలో ఉన్నవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చేవాళ్ళు. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా ఆ తేడా తెలుసు. గంట కొట్టే ఇంట్లో పుట్టిన నాకు మరీ బాగా తెలుసు. అంత తెలిసినవాణ్ణి ఏం చేశానో చెప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు చెప్పడానికి కారణం ఒక స్పాంజి బంతి. రోజంతా ఆఫీసులో కంప్యూటరు, బస్సులో ఫోను, ఇంట్లో మళ్ళీ ఫోను అయ్యేసరికి నా కుడిచేతి బొటనవేలు మొరాయించింది. నీళ్ళ సీసా మూత కూడా మా ఆవిడే తీసివ్వాల్సి వచ్చింది. (తీసిస్తూ ఆమె ఏమీ అనదు. అనకపోవడమే ఎక్కువగా వినబడుతుంది.) కర్నూలులో ఫిజియోథెరపీ డాక్టరమ్మ నా చేతిలో పసుపుపచ్చ బంతి ఒకటి పెట్టి, "రోజూ దీన్ని నొక్కాల సార్, చేతికి పట్టు రావాల" అంది. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. పట్టు కోసం నేను పడ్డ పాట్లు ఆమెకేం తెలుసు?

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, ఒక ఎండాకాలం పొద్దున జేజినాయన చేతిలోంచి కాఫీ గ్లాసు జారి పడింది. చూస్తే చెయ్యే పడిపోయింది. పెద్దాసుపత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు గానీ కుడిచెయ్యి మునుపటిలా అవుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి గంట మూగబోయింది. మా అయ్యగారు (పాస్టరుగారిని మేమందరం అలాగే పిలుస్తాం) బడి నుంచి ఇనుప పట్టా ఒకటి తెప్పించి సుత్తితో కొట్టించేవారు. దాన్ని విని కొందరు పెద్దవాళ్ళు బడికి సెలవేమో అనుకునేవాళ్ళు. మా నాన్న లారీ మీద తిరుగుతూ నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. మూడు తరాలుగా గంట కొట్టే హక్కు మాది. ఊళ్ళో మా ఇంటిని 'గంటోళ్ళ ఇల్లు' అంటారు. అలాంటిది సంఘపెద్దల మీటింగులో మైకు మామ లేచి నిలబడ్డాడు. మైకు మామ నాకు అమ్మ తరఫు వరస. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు పెట్టడం ఆయన పని. మామూలుగా మాట్లాడినా పక్క వీధికి వినబడేది ఆయన గొంతు. "గంట సౌండు చిప్పులో ఎక్కించినా. స్తంభం మీద స్పీకరు పెట్టి స్విచ్చేస్తే సాలు. ఎన్నో ఊర్లల్లో ఇదే జరుగుతాండాది. మనం మాత్రం యాడుండాం?" అన్నాడు. పెద్దలు తర్జనభర్జన పడి, కోత పండగ (పంటలో మొదటి భాగం చర్చికి తెచ్చిచ్చే ఆదివారం) దాకా గడువిచ్చారు. ఆలోగా మా ఇంటివాళ్ళెవరైనా గంట కొట్టగలిగితే సరి, లేకపోతే గంట దించి లోపల పెట్టి స్పీకరు ఎక్కిస్తారు.

ఆ మాట విన్న రాత్రి నుంచి జేజినాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరు నడవమన్నాడు, నడవడు. చేతికి వ్యాయామం చెప్పారు, చెయ్యడు. "ఇంగ నడిసి యాడికి పోవాల?" అనేవాడు. మా జేజి, అంటే నాయనమ్మ, అన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని చాలనేవాడు. నాకు భయం వేసింది. చెయ్యి పడిపోవడం వల్ల పోని మనిషి గంట పోవడం వల్ల పోతాడేమో అనిపించింది. అందుకే ఆ శనివారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా గంట దగ్గరికి పోయి తాడు పట్టుకుని లాగాను. గంట కదిలింది. మరుక్షణం తాడు నా అరచేతుల్లోంచి జర్రున పైకి జారిపోయి, రెండు చేతుల చర్మం దానితోపాటు కొంత దూరం ప్రయాణం చేసింది. వచ్చిన చప్పుడు ఎంత పేలవంగా ఉందంటే చర్చి మీది పావురం ఒక్కటి కూడా లేవలేదు. ఇంటికి పోతే జేజినాయన సంగతి అడగకుండానే ఎడమచేత్తో నా అరచేయి పట్టుకుని బొటనవేలితో నొక్కి చూశాడు. "పూరీ మాదిరుండాది కదప్పా చెయ్యి" అని మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆ మాట నన్ను మూడు నెలలు నిద్రపోనివ్వలేదు.

నాకప్పుడు ఒకే ఒక్క సలహాదారు ఉండేవాడు. కాలేజీలో నా పక్క బెంచీ వాడు, కర్నూలు పాతబస్తీ కుర్రవాడు. వాణ్ణి పహిల్వాన్ అనేవాళ్ళం. (మనిషి గాలి గట్టిగా వీస్తే పుస్తకాల సంచీ బరువుతో నిలబడే రకం. వాళ్ళ మేనమామ ఒకప్పుడు కుస్తీ పట్టేవాడు, ఆ పేరు వీడికి వారసత్వంగా వచ్చింది.) నా చేతులు చూసి వాడు వైద్యుడిలా తలాడించాడు. "పట్టు అంటే నాలుగు వేళ్ళది కాదు భాయ్. అంతా అంగూఠాలో ఉంటాది. బొటనవేలు లాక్ అయితే ఏనుగైనా ఇడిపించుకోలేదు. మా మామూ చెప్తాడు, పట్టుకున్న్యాక ఇడ్సేదే లే" అన్నాడు. ఆ ఆఖరి మాటను నేను నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను. తర్వాత జరిగినదానికి మూలకారణం ఆ రెండు గీతలే.

పహిల్వాన్ వేసిన పథకం ప్రకారం నా రోజు ఇలా నడిచేది. బస్సులో పోతూ వస్తూ చేతిలో పిడికిలి బిగించి నొక్కే స్ప్రింగు పిడి. అది కిర్రుకిర్రుమంటుంటే కండక్టరు రెండుసార్లు బస్సాపి చక్రాలు చూసుకున్నాడు. ఇంటికొచ్చాక ఇటుకను అంచు దగ్గర బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య పట్టుకుని పెరడంతా తిరగాలి. ఇటుక ఎక్కువగా నా కాలి మీదే విశ్రమించేది. ఆ తర్వాత జొన్నల గాదెలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పిట తెరిచి మూసి, తెరిచి మూసి వంద లెక్కపెట్టాలి. మూడో రోజు జేజి పట్టుకుంది. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "ఏం చేస్తాండావురా?" అంది. చేతికి బలం కోసమన్నాను. "జొన్నలు తింటే బలం వస్తాదని ఇన్నాను గానీ పిసికితే వస్తాదని ఇప్పుడే ఇంటాండా" అని, "బలమే కావాలంటే బర్రె ఉండాది, పోయి పాలు పిండు" అని చెంబు చేతికిచ్చింది. బర్రెకు జేజి వేళ్ళు అలవాటు. నేను పహిల్వాన్ చెప్పినట్టు బొటనవేలు లాక్ చేశాను. ఆ బర్రె వెనక్కి తిరిగి నన్నొకసారి చూసింది, తర్వాత చెంబునూ నన్నూ వేరువేరు దిక్కులకు పంపింది. అప్పటి నుంచి నేను పెరట్లోకి పోతే అది నోట్లో గడ్డి నమలడం ఆపేసేది. ఉతికిన బట్టలు పిండే పని కూడా నేనే తీసుకున్నాను. జేజి నేతచీర ఒకటి నా చేతుల్లో నడిమికి చిరిగింది. దానికామె తిట్టలేదు, పైగా మంచం దగ్గరికి తీసుకుపోయి జేజినాయనకు చూపించింది. ఆయన ఆ చిరుగును ఎడమచేత్తో తడిమి చూశాడు. ఆ పూట ఇంకొక ముద్ద ఎక్కువ తిన్నాడు. నేను చూశాను.

నా పట్టు ఎంతవరకు వచ్చిందో కొలవడానికి మా చర్చిలోనే ఒక సాధనం ఉండేది. ఆరాధన అయిపోయాక మగవాళ్ళందరూ వరసగా బయటికి వస్తూ గుమ్మం దగ్గర అయ్యగారితో చేతులు కలిపి "వందనాలు" చెప్పడం ఆనవాయితీ. నేను ప్రతి ఆదివారం ఆయన చేతిని కొంచెం కొంచెంగా ఎక్కువ నొక్కుతూ వచ్చాను. మొదట్లో చిరునవ్వుతో "దేవుడు దీవించును గాక" అనేవారు. రెండో నెలకు "దేవుడు" దగ్గరే ఆగిపోయేవారు. మూడో నెలలో ఒక ఆదివారం నన్ను దూరం నుంచే చూసి, రెండు చేతులూ ఎత్తి సామూహికంగా ఆశీర్వదించి లోపలికి వెళ్ళిపోయారు. నేను సిద్ధమయ్యానని నాకప్పుడు అర్థమైంది.

కోత పండగ ఆదివారం వచ్చింది. ముందు రోజే చర్చి అంతా మామిడాకులు, జొన్న కంకులు కట్టారు. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కందికట్టెలు, ఎవరో తెచ్చిన రెండు కోళ్ళు. స్తంభం పక్కనే మైకు మామ స్పీకరు కూడా సిద్ధంగా పెట్టి ఉంది, తెల్లగుడ్డ కప్పుకుని. మైకు మామ ఇంకా ఇంటి దగ్గర తయారవుతున్నాడు. జేజినాయన ఇంటి ముందు మంచం మీద కూర్చుంటానన్నాడు. గోడవైపు కాకుండా వీధివైపు తిరిగి కూర్చోవడం అన్ని నెలల్లో అదే మొదలు. నేనొక్కణ్ణే గంట దగ్గరికి పోయాను. తాడు అందుకున్నాను. బొటనవేళ్ళు రెండూ లాక్ చేశాను. ఒళ్ళంతా బరువేసి లాగాను.

ఖంగుమంది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ మోత గుట్టకు తగిలి తిరిగొచ్చింది. ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పాలి. గంట ఒకసారి ఊగాక తాడు పైకి పోతుంది. అలా పోయేటప్పుడు చెయ్యి వదులు చేసి పోనివ్వాలి, అప్పుడే గంట తన ఊపు మీద తాను ఊగి వరసగా మోగుతుంది. నేను పోనివ్వలేదు. పట్టుకున్నాక ఇడ్సేదే లేదు కదా. తాడును రెండు చేతులా బిగించి కిందికి ఆనించి పట్టాను, ఏనుగైనా విడిపించుకోలేనట్టు. దాంతో గంట ఒక్క దెబ్బ కొట్టి అక్కడికక్కడే ఆగిపోయింది. నాకది తప్పుగా తోచలేదు. చెయ్యి జారలేదు, అంతే నా ఆనందం. నా పిడికిళ్ళను చూసుకుని కాసేపు మురిసిపోయి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగాను. ఖంగుమంది. మళ్ళీ మురిశాను. ఒక్కో మురిపెం ఎంతసేపు పట్టిందో తర్వాత అమ్మ లెక్క కట్టి చెప్పింది. సరిగ్గా ఒక పరలోక ప్రార్థన పట్టేంత.

ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో వీధిలో జనం పరిగెత్తడం కనిపించింది. పండగ ఉత్సాహం అనుకున్నాను. కానీ వాళ్ళు చర్చివైపు రావడం లేదు, మా ఇంటివైపు పోతున్నారు. ఒకాయన నెత్తి మీద సబ్బు నురగతోనే పోతున్నాడు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పటికి గానీ నా బుర్రకు సంగతి తట్టలేదు. ఊళ్ళో జబ్బు మనిషి ఒక్కడే. తాడు వదిలేసి (మొదటిసారి సరిగ్గా వదిలింది అప్పుడే) నేనూ పరిగెత్తాను.

అందరికంటే ముందు చేరినవాడు మైకు మామ. వీధి మలుపు నుంచే అందుకున్నాడు, ఆయన గొంతుతో. "పెద్దాయనా, ఎంత పని చేస్తివి. గంట దించుతామన్న్యానని మనసులో పెట్టుకోనే పోయినావు గదా. నాకేం తెలుసు ఇట్లయితాదని. ఆ స్పీకరు నేను పగలగొడ్తా. నీ గంట నీ ఇంటోళ్ళ చేతిలోనే ఉంటాది, దాన్ని ఎవురూ ముట్టుకోరు, నేను చెప్తాండా" అని ఏడుస్తూ, కళ్ళు తుడుచుకుంటూ మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. జేజినాయన మంచం మీద కూర్చుని ఎడమచేత్తో గిన్నెలో బొరుగులు తింటున్నాడు. గంట విని ఆయన కూడా బాధపడుతున్నాడట, "ఎవురో పోయినారు, పాపం పండగ పూట" అని జేజితో అంటున్నాడట. మైకు మామ ఏడుపు సగంలో ఆగింది. వెనకే వచ్చిన యాభై అరవై మంది ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. జేజినాయన నోట్లో ఉన్న బొరుగులు నమిలి మింగి, తీరిగ్గా అన్నాడు.

"ఏమప్పా, ఇప్పుడు చెప్తివే, గంట ఎవురూ ముట్టుకోరని. ఇంతమంది ఇన్న్యారు."

"ఇన్న్యారు పెద్దాయనా" అన్నాడు మైకు మామ, చాలా చిన్న గొంతుతో. ఆయనకు అంత చిన్న గొంతు ఉందని మాకు అప్పటిదాకా తెలీదు.

జనం నన్ను చూశారు. నేను భూమిలోకి పోదామని చూశాను, అది మా ఊరి రాతినేల గనక వీలుపడలేదు. జేజినాయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు లోలోపల, తర్వాత భుజాలు కదిలేటట్టు, చివరికి కళ్ళ నీళ్ళు వచ్చేటట్టు. ఆయన నవ్వితే జేజి నవ్వింది, జేజి నవ్వితే సబ్బు నురగాయన నవ్వాడు. ఆ తర్వాత జేజినాయన ఎడమచెయ్యి నా భుజం మీద వేసి "లేపు" అన్నాడు. ఎండాకాలంలో మంచమెక్కిన మనిషి ఆ రోజు మా ఇంటి నుంచి గంట దాకా నడిచాడు. ఊరంతా మా వెనక ఊరేగింపులా వచ్చింది. అయ్యగారు చర్చి గుమ్మంలో నిలబడి ఏ ప్రార్థన మొదలుపెట్టాలో తెలీక పుస్తకం అటూ ఇటూ తిప్పుతున్నారు.

గంట కింద నిలబడి జేజినాయన నా చేతుల్ని తాడు మీద పెట్టించాడు. తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి నా చేతుల మీద ఉంచాడు. బరువుగా, వెచ్చగా ఉంది. "లాగు" అన్నాడు. లాగాను. "ఇడ్సు." నేను అలవాటుగా బిగించాను. "ఇడ్సప్పా. అది యాడికీ పోదు. పైకి పోయి మళ్లా నీ తావుకే వస్తాది. వచ్చినప్పుడు పట్టుకో." కదలని ఆ వేళ్ళ కింద నా బొటనవేళ్ళు మెల్లగా వదులయ్యాయి. తాడు పైకి పోయింది, తిరిగొచ్చింది, పట్టుకున్నాను. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. గంట గణగణా మోగింది, పూర్వంలాగే. ఆ రోజు మా ఊళ్ళో రెండో గంట, మూడో గంట అని లేకుండా ఒకటే మోగించేశాము, అందరూ అక్కడే ఉన్నారు కదా. కొందరు పాతబట్టలతోనే ఆరాధనకు కూర్చున్నారు. మైకు మామ స్పీకరు మీది తెల్లగుడ్డతో ముఖం తుడుచుకుని, ఆ స్పీకరును పండగ భోజనాల దగ్గర పాటలకు వాడాడు.

జేజినాయన ఆ తర్వాత ఇంకా ఆరేళ్ళు బతికాడు. రోజూ నడిచేవాడు. తన చావుకు ఎవరెవరు ఎలా ఏడ్చారో ఎదురుపడ్డవాళ్ళకల్లా చెప్పి, "నీవు మాత్రం శానా ఆలస్యంగా వచ్చినావప్పా" అని ఏడిపించేవాడు. చివరికి ఒక బుధవారం మధ్యాహ్నం, అన్నం తిని పడుకుని, లేవలేదు. గంట దగ్గరికి నేనే పోయాను. ఒక దెబ్బ కొట్టి, తాడు బిగించి ఆపి, పరలోక ప్రార్థన చెప్పుకుని, రెండో దెబ్బ కొట్టాను. మూడో దెబ్బ అయ్యాక కూడా వీధిలోకి ఎవరూ రాలేదు. జేబులో ఫోను మోగింది. మైకు మామ. నవ్వుతూనే అడిగాడు, "ఏమల్లుడా, మళ్లా బిగించి పట్టుకున్న్యావా?" అని. తాడు వదలకుండానే అన్నాను, "లేదు మామా. ఈసారి సరిగ్గానే కొడుతున్నా." మామ ఫోను పెట్టేశాడు. తర్వాత జనం రావడం మొదలైంది. ఈసారి ఎవరూ పరిగెత్తలేదు.

ఇప్పటికీ కోత పండగకు నేనే పోయి గంట కొడతాను. ఈ ఏడు పండగలోపు బొటనవేలు నయం కావాలని డాక్టరమ్మతో చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు. మొన్న ఆమె నేను బంతి నొక్కడం శ్రద్ధగా చూసి, "పట్టు బాగుండాది సార్. ఇడిసేటప్పుడే వేలు బిగిసిపోతాంది. మెల్లగా ఇడ్సండి" అంది. ఆ పసుపుపచ్చ బంతిని చూస్తే, గంట కింద తన పిడికిళ్ళను చూసుకుని మురిసిపోతున్న ఆ పందొమ్మిదేళ్ళ కుర్రవాడు గుర్తొచ్చాడు. వీధిలో జనం ఏడుస్తూ పరిగెడుతున్నా, చెయ్యి జారలేదని వాడికెంత సంబరమో. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు. వాడు అంత గట్టిగా పట్టుకున్నది తాడునొక్కదాన్నే కాదని నాకు తెలుసు. "ఇంకోసారి సార్" అంది డాక్టరమ్మ. నా చేతి మీద ఇంకొక చెయ్యి బరువుగా, వెచ్చగా ఉన్నట్టే అనుకుని, మెల్లగా వదిలాను.